ఫలానా ఆయన భార్య

శవాలు లెక్కపెట్టడం మా పని కాదని అమెరికా సేనాని టామీ ఫ్రాంక్స్ 2002లో, అఫ్ఘానిస్తాన్ యుద్ధం నడుస్తుండగా అన్నాడు. ఆ మాటకి చాలామందికి ఒళ్ళు మండింది. కొందరు కవితలు రాశారు, కొందరు ఊరేగింపులు తీశారు. కొందరు మాత్రం, మీరు పెట్టకపోతే మేం లెక్కపెడతాం అని కూర్చున్నారు. 2003 జనవరిలో, ఇరాక్ మీద బాంబులు పడకముందే, బ్రిటన్‌లో హమీత్ దర్దగాన్, జాన్ స్లొబొడా ‘ఇరాక్ బాడీ కౌంట్’ మొదలుపెట్టారు. పత్రికల వార్తలు, ఆసుపత్రి వివరాలు, మార్చురీ వివరాలు పక్కపక్కన పెట్టి ఒక్కో మరణాన్నీ నమోదు చెయ్యడం వాళ్ళ పని. 2014లో క్రిస్ వుడ్స్ నెలకొల్పిన ‘ఎయిర్‌వార్స్’ విమాన దాడులకి అదే పని చేస్తోంది. దాడి జరిగిన ఊరివాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న సంతాప ప్రకటనలు, ఫోన్లలో తీసిన వీడియోలు, ఉపగ్రహ చిత్రాలు, అన్నీ ఎవరైనా చూడగలిగినవే. కాకపోతే ఓపిగ్గా చూసేవాళ్ళు కావాలి.

నేను ఈ లెక్కల పక్షం. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే మన సాహిత్య సభల్లో లెక్కంటే చిన్నచూపు. మనిషిని అంకె చేయడం అమానవీయం అంటారు, కన్నీటిని కొలుస్తారా అంటారు. వినీ వినీ విసుగొచ్చింది నాకు. లెక్కలోకి రాకపోవడమంటే ఏమిటో ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? ఇంటి చాకిరీ లెక్కలోకి రాలేదు. పోరాటాల్లో నడిచినవాళ్ళు లెక్కలోకి రాకపోతే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి, మాటలు రికార్డు చేసుకొచ్చి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేశారు. చనిపోయింది ఎవరో, ఎక్కడో, ఏ రోజో రాసి పెట్టకుండా కార్చే కన్నీరు చంపినవాడికి ఏమాత్రం ఇబ్బంది కలిగించదు.

ఇబ్బంది ఎలా కలుగుతుందో చూడండి. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక ఇంటి వాకిట్లో ఆగిన కారు మీద అమెరికా డ్రోన్ క్షిపణి వేసింది. కారులో పేలుడు పదార్థాలున్నాయన్నారు. న్యాయమైన దాడి అని సైనికాధికారి మార్క్ మిల్లీ ప్రకటించాడు. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు, ఆ కారు నడిపినాయన పనిచేసే సహాయ సంస్థ ఆఫీసు కెమెరాలో రికార్డయినదంతా తెప్పించి చూశారు. కారులోకి ఎక్కించినవి నీళ్ళ డబ్బాలు! ఇంటికి నీళ్ళు పట్టుకెళ్తున్నాడాయన. కారులో పేలుడు పదార్థాలుంటే రెండో పేలుడు జరగాలి, పక్క గోడలు కూలాలి. గోడలు నిలబడే ఉన్నాయి. సెప్టెంబరు 17న పెంటగాన్ ఒప్పుకోక తప్పలేదు. చనిపోయిన పదిమందీ పౌరులే, అందులో ఏడుగురు పిల్లలు. ఎవరికైనా శిక్ష పడిందా అంటారా, లేదు. డిసెంబరులో ఆ సంగతి కూడా తేల్చి చెప్పేశారు.

అది కనీసం రాజధాని నగరం, అందరి కళ్ళూ అక్కడే ఉన్నాయి. 2016 జులైలో సిరియాలోని తోఖార్ పల్లెలో 85 మంది మిలిటెంట్లని చంపామని రాసుకున్న దాడిలో పోయింది 120 మందికి పైగా పల్లెజనం అని అజ్మత్ ఖాన్ అనే విలేకరి బయటపెట్టింది. సమాచార చట్టం కింద కోర్టుకెక్కి పెంటగాన్ సొంత నివేదికలు 1,300కి పైగా రాబట్టి, దాడులు జరిగిన చోట్లకి స్వయంగా వెళ్ళి, బతికున్నవాళ్ళతో మాట్లాడి చేసిన పని అది. అన్ని నివేదికల్లో ఒక్కదానిలోనూ తప్పు జరిగిందన్న మాట లేదు.

ఇప్పుడు నా పేచీకి వస్తాను. పేచీ లెక్కపెట్టేవాళ్ళతోనే, మనవాళ్ళు కనకే.

‘మహిళలు, పిల్లలు’ అని ఒక గంపగుత్త మాట ఉంది. సింథియా ఎన్లో 1990లోనే ఆ రెండు మాటల్నీ అతికించి ఒకే మాటగా రాసి ఎగతాళి చేసింది. ఎగతాళి పాతబడింది, మాట మాత్రం చెక్కుచెదరలేదు. 2024 నవంబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం గాజా మీద నివేదిక ఇచ్చింది. నిర్ధారించుకున్న 8,119 మరణాల్లో దాదాపు 70 శాతం మహిళలు, పిల్లలు అని. చాలా జాగ్రత్తగా చేసిన పని అది, నాకు గౌరవం ఉంది. కానీ శీర్షికలన్నీ ఆ 70 దగ్గరే ఆగాయి. మిగిలిన వాళ్ళెవరు? రొట్టెల కోసం వెళ్ళిన తండ్రి, డాక్టరు, ముసలాయన. వాళ్ళని తటస్థంగా వదిలేశామనుకుంటాం గానీ, నిజానికి శత్రువు ఖాతాలో వేశాం. ఒబామా హయాంలో దాడి జరిగిన చోట ఉన్న వయసొచ్చిన మగవాళ్ళందర్నీ, అమాయకులని చచ్చాక రుజువైతే తప్ప, మిలిటెంట్లుగానే లెక్కేశారని 2012లో బయటపడింది. మన గంపగుత్త మాటకి అది అచ్చంగా రెండో ముఖం. ఆడది నిర్దోషి, ఎందుకంటే ఆమె ఏమీ చెయ్యలేదు, చెయ్యలేదు కనక ఆమెకి రాజకీయం లేదు, ఆమె పసిపిల్లతో సమానం. ఈ నిర్దోషిత్వం నాకు అక్కర్లేదు.

ఇక పేర్ల సంగతి. డ్రోన్ దాడుల్లో పోయినవాళ్ళ జాబితాలు చదువుతుంటే మగవాళ్ళకి పేర్లుంటాయి, ఆడవాళ్ళు చాలాచోట్ల ఫలానా ఆయన భార్య, ఫలానా వారి కూతురు. పరాయి మగాడి ముందు ఇంటి ఆడవాళ్ళ పేరెత్తని ఆచారం ఉన్నచోట విలేకరి మగాడైతే ఇంకేం జరుగుతుంది? మనకీ కొత్త కాదు లెండి, ఊళ్ళలో సుబ్బయ్య పెళ్ళాంగానే బతికి పోయినవాళ్ళు ఎందరో! ఆచారం మారదని సరిపెట్టుకోడానికీ లేదు. నా పేరెక్కడ అని అఫ్ఘాన్ స్త్రీలు 2017లో అడగడం మొదలుపెడితే, 2020లో గుర్తింపు కార్డులో తల్లి పేరు వెయ్యడానికి చట్టం మారింది.

ఇంకోటి. ఉపగ్రహ చిత్రానికి ఉన్న పరపతి కళ్ళారా చూసిన మనిషి మాటకి లేకుండా పోతోంది. రమీజాబీ నోటిమాటని 1978లో ఎలా చూశారో తెలిసిన హైదరాబాదు ఆడవాళ్ళం మనం, సాక్ష్యం ఎవరిది చెల్లుతుందనే ప్రశ్న దగ్గర ఇంత సులువుగా తలూపకూడదు. రక్కాలో 2017 దాడుల్లో 1,600 మందికి పైగా పౌరులు పోయారని 2019లో ఆమ్నెస్టీ, ఎయిర్‌వార్స్ తేల్చాయి. అమెరికా కూటమి ఒప్పుకున్నది అందులో పదో వంతు. 124 దేశాల నుంచి 3,000 మందికి పైగా ఔత్సాహికులు తెరల ముందు కూర్చుని ఏ భవనం ఎప్పుడు కూలిందో గుర్తించారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ భవనంలో ఎవరున్నారో చెప్పింది రక్కా మనుషులు, నాలుగు వందల మందికి పైగా. కూలిన కప్పుని పైనుంచి చూడొచ్చు. కాన్పుకి ఆసుపత్రి లేక పోయిన మనిషి ఏ ఉపగ్రహానికీ కనపడదు. ఆమె ఏ జాబితాలోకీ ఎక్కదు.

పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి, ఫలానా ఆయన భార్య అని నింపకండి. నింపేశాక ఇంక ఎవరూ వెతకరు. వయసుతో పాటు ఆమె పనేమిటో కూడా రాయండి. మగవాళ్ళని విడిగా, పేరుపేరునా పౌరులుగా చూపించండి. అడగడానికి ఆడవాళ్ళని పంపండి, వాళ్ళకి జీతమివ్వండి.

మనం చెయ్యగలిగేది కూడా ఉంది. హైదరాబాదులో ఉస్మానియాలో, ఇఫ్లూలో, ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబ్బీ శాఖలున్నాయి. అక్కడ చదువుకున్న అమ్మాయిలకి ఎక్కువగా దొరుకుతున్నది అనువాదకుల ఉద్యోగాలే. వాళ్ళనీ, జర్నలిజం చదివేవాళ్ళనీ, స్త్రీ అధ్యయన కేంద్రాల వాళ్ళనీ ఒక గదిలో కూర్చోబెట్టి ఈ జాబితాలు చదివించే ఒక్క సెమిస్టరు కోర్సు పెట్టడానికి అడ్డమేమిటో, విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులు ఈ పత్రికలోనే జవాబు రాస్తే బావుంటుంది.