మన బడి వార్త ఎవరు రాయాలి?

మన ఏజెన్సీ బడుల పేర్లు పత్రికల్లో రెండు సందర్భాల్లోనే కనిపిస్తాయి. ఒకటి, హాస్టల్లో పిల్లలకు జ్వరాలు వచ్చినప్పుడు, తిన్న అన్నం వికటించినప్పుడు. రెండు, ఎవరో పెద్దమనిషి బడికి వచ్చి వెళ్ళినప్పుడు. మొదటి వార్తలో మన పిల్లలు ఒక అంకె. ఇంతమందికి అస్వస్థత, ఇంతమంది ఆసుపత్రిలో. రెండో వార్తలో మన పిల్లలు ఒక ఫోటో. మధ్యలో శాలువా కప్పుకున్న అతిథి, అటూ ఇటూ అధికారులు, వెనుక వరసగా నిలబెట్టిన పిల్లలు. ఫోటో కింద అతిథి పేరుంటుంది, హోదా ఉంటుంది, అధికారులందరి పేర్లూ ఉంటాయి. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ‘నృత్యం చేస్తున్న గిరిజన బాలికలు’ అని రాసి ఊరుకుంటారు. వాళ్ళకు పేర్లు లేవా? వాళ్ళది ఏ ఊరు, ఏ తెగ, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? ఎవరికీ అక్కర లేదు.

ఇది పత్రికల తప్పు మాత్రమే అనుకుంటే పొరపాటు. బడి గోడకు అతికించే ఫోటోలు చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో పంపే ఫోటోలు చూడండి. పైకి పంపే నివేదికలు చదవండి. ఎవరు వచ్చారు, ఏం ప్రారంభించారు, ఎన్ని మొక్కలు నాటారు, ఎంతమంది ర్యాలీలో నడిచారు అన్నవే ఉంటాయి. పిల్లలు ఏం నేర్చుకున్నారు, ఏం చెప్పారు, ఏం అడిగారు అన్న మాట ఒక్కటీ ఉండదు. బడి జరిపే కార్యక్రమాలన్నీ పైనుంచి వచ్చిన సర్క్యులర్‌తో మొదలై, పైకి పంపిన ఫోటోతో ముగుస్తున్నాయి. మధ్యలో ఉన్న పిల్లవాడు సామాను కింద లెక్క.

ఒక్క ఆగస్టు నెల తీసుకుందాం. బడులకు అది కార్యక్రమాల నెల. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1994లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన రోజు ఇది. ప్రపంచంలోని ఆదివాసుల హక్కులు, వాళ్ళ భూమి, వాళ్ళ భాషల గురించి మాట్లాడుకోవలసిన రోజు. మన బడుల్లో ఆ రోజు ఏం జరుగుతుంది? పిల్లలకు ఒకే రంగు చీరలు కట్టి, తలకు ఈకలు పెట్టి, స్పీకర్లో పాట వేసి ధింసా ఆడిస్తారు. ధింసా మన ఊళ్ళల్లో ఎలా ఆడతారో మనకు తెలుసు. పెళ్ళిలో ఆడతారు, చైత్రం పండుగలో ఆడతారు. డప్పు, కిరిడి మోగుతుంటే ముసలమ్మ దగ్గర నుంచి చిన్నపిల్ల దాకా ఒకరి నడుం ఒకరు పట్టుకుని రాత్రంతా తిరుగుతారు. అక్కడ ఆడేవాళ్ళే ఊరు, చూసేవాళ్ళే ఊరు. బడిలో దాన్ని ఐదు నిమిషాలకు కత్తిరించి, వచ్చిన అతిథికి చూపిస్తున్నారు. ఆ ఐదు నిమిషాలైపోగానే, నీ భాషలో మాట్లాడకు అని అదే పిల్లను తరగతి గదిలో కసురుతారు. ఆమె ఆట కావాలి, మాట వద్దు. దీన్ని మన సంస్కృతిని కాపాడటం అంటున్నారు.

ఆగస్టు 15 గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన్యంలో అల్లూరి వెంట నడిచిన గాం గంటం దొర, గాం మల్లు దొరల పేర్లు ఎన్ని బడుల్లో జెండా కింద వినిపిస్తున్నాయో మీ బడిలో మీరే చూడండి.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టారు. వ్యావహారిక భాష కోసం పోరాడారని పిల్లల చేత వ్యాసం రాయిస్తారు, పద్యాలు చదివిస్తారు. కానీ అదే గిడుగు పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు సవర భాష నేర్చుకున్నారని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు తయారు చేశారని, వాళ్ళకు సొంత ఖర్చుతో బడులు పెట్టారని మన బడుల్లో చెప్పేవాళ్ళు ఎంతమంది? ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. పిల్లవాడి ఇంటి భాష తెలియకుండా వాడికి చదువు చెప్పలేమని ఆయనకు నూరేళ్ళ కిందటే తెలిసింది. ఆయన బొమ్మకు దండ వేసి, ఆయన చేసిన పనిని గుమ్మం బయట ఉంచుతున్నాం. సీతంపేట కొండల్లో సవర పిల్లల చేత కూడా ఆ రోజు తెలుగు పద్యమే చదివిస్తే, అది గిడుగును గౌరవించినట్టా?

అధికారులు అంటారు: ప్రభుత్వం మీ భాషల్లో పుస్తకాలు వేయలేదా? వేసింది, కాదనం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. వాటి తయారీలో మన యువకులు, మన ఉపాధ్యాయులు కూర్చున్నారు. కానీ అది చిన్న తరగతుల దగ్గరే ఆగింది. ఆరో తరగతికి వచ్చేసరికి మన భాషకు బడిలో పుస్తకం లేదు, పీరియడ్ లేదు, పలకరింపు కూడా లేదు. ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్న పాఠ్యపుస్తకం తెరవండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. కువి మాట్లాడే పిల్లకు రెండు పేజీలూ పరాయివే. ఆమెకు మూడో పేజీ లేదు.

కొందరు మనవాళ్ళే అడుగుతారు: ‘మాస్టారూ, మన భాష ఇంట్లో ఎలాగూ వస్తుంది. బడిలో ఇంగ్లీషు చెప్పండి, ఉద్యోగాలు రావాలి కదా’ అని. ఆ తల్లిదండ్రుల ఆశ తప్పు కాదు. ఇంగ్లీషు కావాలి, తెలుగు కావాలి, లెక్కలు, సైన్సు అన్నీ కావాలి. మేం వద్దన్నది ఏదీ లేదు. కానీ ఇంట్లో వస్తుంది అన్న మాట ఆశ్రమ పాఠశాల పిల్లల విషయంలో చెల్లదు. ఆ పిల్ల చిన్నతనంలోనే హాస్టలుకు వచ్చింది. ఏడాదిలో పది నెలలు అక్కడే తింటుంది, అక్కడే పడుకుంటుంది. అమ్మమ్మ కథ చెప్పే రాత్రి ఆమెకు లేదు. తాతతో కొండకు వెళ్ళి దుంప తవ్వే పొద్దు లేదు. సెలవులకు ఇంటికి పోతే ఇంట్లో వాళ్ళు అన్న మాట ఆమెకు సగమే అర్థమవుతోంది. ఆ పిల్లకు బడే ఇల్లు. బడిలో భాష లేకపోతే ఆమెకు భాష ఎక్కడా లేదు. పైగా, తెలిసిన మాటలోంచి తెలియని మాటకు తీసుకెళ్ళాలని ఉపాధ్యాయ శిక్షణలో మనందరం చదువుకున్నదే. మనకు నేర్పిన సూత్రాన్ని మన పిల్లల దగ్గర మాత్రం పక్కన పెట్టమంటే ఎలా?

ఇంకొందరు అంటారు: లిపి లేదు కదా, ఎలా రాస్తారు? తెలుగు లిపితో రాయవచ్చని పైన చెప్పిన వాచకాలే చూపించాయి. సవరలకు 1936లోనే మంగై గమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని తయారు చేశారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అదే ఆదిలాబాద్ ప్రాంతంలో 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టి, గోండిలో వాచకాలు రాయించారు. నిజాం కాలంలో అయిన పని, చేతిలో ఫోన్లున్న ఈ కాలంలో కాదంటే ఎవరు నమ్ముతారు?

మరొక సంగతి. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 వల్ల షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే దక్కాయి. కొండ మీద బడికి రోజూ వచ్చే మనిషి, పిల్లల మాట తెలిసిన మనిషి అలా దొరికాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. దాని మీద మన సంఘాలు పోరాడుతున్నాయి, పోరాడాలి. అయితే ఆ పోరాటానికి బలం ఎక్కడ నుంచి వస్తుంది? స్థానిక టీచరు ఉంటే బడిలో ఏం తేడా ఉంటుందో కళ్ళకు కనిపించాలి. ఆదివాసీ ఉపాధ్యాయుడు ఉన్న బడిలో కూడా ఆదివాసీ భాష వినిపించకపోతే, ఎవరైతే ఏమిటని అడిగేవాళ్ళకు మనమే జవాబు లేకుండా చేసుకున్నవాళ్ళమవుతాం.

అందుకే మేం ఒక చిన్న పని అడుగుతున్నాం. దానికి నిధులు అక్కరలేదు, జీవో అక్కరలేదు. ప్రతి ప్రాథమికోన్నత పాఠశాలలో, ప్రతి ఆశ్రమ పాఠశాలలో నెలకొక గోడపత్రిక పెట్టండి. ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు చాలు. దాన్ని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలే రాయాలి. టీచరు దిద్దవచ్చు, రాసి పెట్టకూడదు. సగం ఇంటి భాషలో, సగం తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇంగ్లీషులోనూ రాయనివ్వండి. ఒకే బడిలో కువి పిల్లలు, కొండ భాష పిల్లలు, ఒడియా మాట్లాడే పిల్లలు ఉంటే చార్టును మూడు వరసలు చేయండి. ఒకరి మాట ఒకరు చదువుకుంటారు. రాసిన ప్రతి వార్త కింద రాసిన పిల్ల పేరు, ఊరు పేరు ఉండాలి. పత్రికల్లో లేని పేరు మన గోడ మీదైనా ఉండాలి.

ఏం రాస్తారు అంటారా? రాయడానికి ఎంత లేదు! గెడ్డ పొంగి మా ఊరి పిల్లలు మూడు రోజులు బడికి రాలేదు. ఈ వారం సంతలో పిప్పళ్ళు కిలో ఎంతకు కొన్నారు, తూకం సరిగ్గా వేశారా. కాఫీ పండు కోతకు వచ్చింది, కూలి ఎంత ఇస్తున్నారు. మా అక్కను పురిటికి డోలీలో ఎంత దూరం మోశారు. హాస్టల్లో ఈ వారం గుడ్డు ఎన్ని రోజులు పెట్టారు. రాత్రి జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి. ఆశ్రమ పాఠశాలల్లో ఆరోగ్య కార్యకర్త ఉండాలని మన సంఘాలు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాయి. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చిందో పిల్లలే తేదీ వేసి గోడ మీద రాస్తే, ఆసుపత్రికి అంకెగా చేరకముందే ఎవరో ఒకరి కంట పడుతుంది. గోడపత్రిక అంటే ఆట కాదు అనేది ఇందుకే.

అలాగే పండుగలు. మామిడి కొత్త, కొర్ర కొత్త, కంది కొత్త వచ్చినప్పుడు పిల్లలు ఇంటికి పోతారు. హాజరు పట్టీలో అది ‘గైర్హాజరు’. ఊరి పండుగ నాడు పిల్ల ఊళ్ళో ఉండటం గైర్హాజరు ఎలా అవుతుంది? స్థానిక సెలవులు ఆ రోజులకు వాడుకోమని అడుగుదాం. తిరిగి వచ్చిన పిల్లల చేత ఆ పండుగ గురించి రాయిద్దాం. ఏ గింజ ముందు వండారు, ఎవరికి పెట్టారు, ఆ గింజ ఈ ఏడు ఎందుకు తక్కువ పండింది. ఇందులో సైన్సు ఉంది, లెక్క ఉంది, సాంఘికం ఉంది. ఊళ్ళోని ముసలివాళ్ళను నెలకొకరిని బడికి పిలుద్దాం. శాలువా కప్పడానికి పిలవొద్దు. వాళ్ళు విత్తనాల గురించి, కొండ పేర్ల గురించి చెప్తుంటే పిల్లలు రాసుకోవాలి.

పై అధికారి ఒప్పుకోరని భయపడే సోదర ఉపాధ్యాయులకు రెండు చట్టాలు గుర్తు చేస్తున్నాం. 2009 విద్యా హక్కు చట్టం వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన సాగాలంటోంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలు ఉండాలని కూడా అదే చట్టం చెబుతోంది. 1996 పీసా చట్టం మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కమిటీ సమావేశంలో ఒక తల్లి లేచి, మా భాషలో గోడపత్రిక కావాలని అడిగి, ఆ మాట మినిట్స్‌లో రాయిస్తే, వద్దనడం ఏ అధికారికైనా కష్టమే. వేలిముద్ర వేయించుకోవడానికి మాత్రమే తల్లులను పిలిచే పద్ధతి పోవాలి.

యువకులకు ఒక మాట. డిగ్రీలు చదివి ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ చేతిలో ఫోన్ ఉంది. ఏ నాయకుడి పక్కనో దిగిన ఫోటో పెట్టే బదులు, నెలకోసారి మీ ఊరి బడికి వెళ్ళి గోడపత్రిక ఫోటో తీయండి. నాలుగు మండలాల గోడపత్రికలు కలిపితే ఒక చిన్న పుస్తకం అవుతుంది. ఆదివాసీ రచయితలు ఎక్కడి నుంచో ఊడిపడరు. ఏడో తరగతిలో తన ఊరి గెడ్డ గురించి తన మాటలో రాసి, కింద తన పేరు పెట్టుకున్న పిల్లే రేపటి రచయిత్రి.

వచ్చే ఆగస్టు 9న మీ బడికి అతిథి వస్తే రానివ్వండి. పిల్లలు ఆడాలనుకుంటే ఆడనివ్వండి. కానీ ముందు ఆయన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళండి. రాసిన పిల్ల పక్కన నిలబడి తన భాషలో చదివి, తర్వాత తెలుగులో చెబుతుంది. ఆయన విని, అక్కడ రాసిన వాటికి జవాబు చెప్పి వెళ్ళాలి. ఆ జవాబును పిల్లలు మరుసటి నెల గోడపత్రికలో వేస్తారు.