నేల గుణం – నూనె గుణం

మాటలకు పుట్టుపూర్వోత్తరాలుంటాయి. వాటిని విప్పి చూస్తే ఒక జాతి తిన్న తిండి, దున్నిన నేల కనిపిస్తాయి. ‘నూనె’ అటువంటి మాట. నువ్వు, నెయ్యి అనే రెండు పదాల కలయికతో అది ఏర్పడింది. సంస్కృతంలోని ‘తైలం’ కూడా ‘తిల’ శబ్దం నుండి, అంటే నువ్వుల నుండి పుట్టినదే. తొలుత నూనె అంటే నువ్వుల నూనెయే. కాలక్రమాన ఆ పదం అర్థవ్యాకోచం చెంది పల్లి, కుసుమ, కొబ్బరి మొదలైన వాటినుండి తీసిన వాటికన్నింటికీ పేరైంది. ఆ విధంగా ‘కొబ్బరినూనె’ అనే సమాసంలో కొబ్బరి పక్కన నువ్వు కూడా ఒదిగి ఉంది.

ఏ నూనెకు ఏ గుణమున్నదో, ఏ పనికి ఎంత తగునో ఎరిగి వాడుకోవడం వివేకం. బయటినుండి వచ్చిన ఒక నూనెను సర్వరోగ నివారిణిగా కీర్తించడమూ, ఇంటి నూనెను మోటుదని విడిచిపెట్టడమూ రెండూ అవివేకమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలతో కూడిన దక్షిణ తెలంగాణ మెట్టసీమ ఈ విషయాన్ని ఆలోచించడానికి తగిన చోటు.

కొబ్బరి తడినేలను కోరే చెట్టు. సమృద్ధిగా వర్షమో, ఏడాది పొడవునా నీటిపారుదలో లేకుంటే అది కాపు నిలుపుకోలేదు. కోనసీమలో అది కల్పవృక్షం. వానదేవుని దయమీద బ్రతికే ఎర్ర చెల్కలలో మాత్రం దానికి చోటు తక్కువ. పాలమూరు పల్లెకు కొబ్బరికాయ గుడిలో కొట్టడానికి, పెండ్లిలో కలశం మీద నిలపడానికి వచ్చిన అతిథి. ఈ నేల సొంతబిడ్డలు నువ్వులు, పల్లీలు, ఆముదాలు. వీటిలో ఆముదం కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

‘ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం’ అని సామెత. ఆముదాన్ని చులకన చేయడానికి పుట్టిన ఈ మాట, మెట్టసీమలో అక్షరాలా నిజమైంది. లోతుకు దిగే తల్లివేరు గల ఆముదం, మరో పైరు వడలిపోయే బెట్టలో కూడా నిలబడగలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం సాగుకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలే ప్రధాన క్షేత్రాలు. ఎరువు, నీరు పెట్టలేని పేదరైతు దున్నిన చెల్కలో ఆ నాలుగు గెలలే అతని నగదు పంట.

పంటలో కొంత అంగడికి పోగా మిగిలినది ఇంటికి చేరేది. గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చి తీసేవారు. ఇదే వంటాముదం. పసిపిల్లల మాడుకు అంటడానికి, స్త్రీల జడలకు, రాత్రి దీపానికి, చెప్పుల తోలు మెత్తబడడానికి అదే ఆధారం. కాల్చిన గడ్డిమసితో కలిపితే బండి ఇరుసుకు కందెన అయ్యేది. ‘ఆముదం తాగిన ముఖం’ అనే జాతీయం కూడా ఆ ఇంటి వాడుకలోనిదే. ఒక కుటుంబానికి వెలుగును, ఒంటికి నునుపును, బండికి నడకను ఇచ్చిన నూనెను మోటుదనడం న్యాయం కాదు.

అంగడిలో సీసాలు, డబ్బాలు నిండిన తరువాత పరిస్థితి మారింది. పలుచగా, తేటగా, సువాసనతో వచ్చిన కొబ్బరినూనె చిక్కని ఆముదాన్ని జడల నుండి తొలగించింది. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. వెంట్రుకకు కొబ్బరినూనె చేసే మేలు ఊహ కాదు. అందులో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడగలదని, తలస్నానం వేళ వెంట్రుకలోని మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. పొద్దుతిరుగుడు నూనెకు గాని, ఖనిజ తైలానికి గాని ఆ ప్రభావం కనిపించలేదు. అయితే ఆ పరిశోధకులు కొబ్బరినూనె విక్రయించే సంస్థకు చెందినవారన్న సంగతి కూడా చదువరి గుర్తుంచుకోవాలి. పైగా ఆ పరిశోధన చెప్పినది ఉన్న వెంట్రుకకు రక్షణ గురించి మాత్రమే. లేని వెంట్రుకను మొలిపించడం గురించి కాదు.

కొబ్బరినూనె తలకు రాసుకునేదా, తినేదా అన్న ప్రశ్న దేశ సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది. తలనూనెపై పన్ను ఎక్కువ, వంటనూనెపై తక్కువ కావడంతో చిన్న సీసాలలో అమ్మే కొబ్బరినూనె ఏ కోవకు చెందుతుందన్న వివాదం ఏళ్ళ తరబడి సాగింది. 2018లో ఇద్దరు న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయం ఏర్పడింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, చిన్న సీసాలో ఉన్నంతమాత్రాన శుద్ధమైన కొబ్బరినూనె తలనూనె కాబోదని, దానిని వంటనూనెగా పరిగణించవచ్చని, తలనూనె అని పేర్కొని అమ్మినపుడే అది తలనూనె అవుతుందని తీర్పు చెప్పింది. కేరళవాసికి అది కూరలో పోపు. పాలమూరువాసికి అది జడకు మెరుపు. వస్తువు ఒకటే, వాడుక వేరు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. జడకు మంచిదైనది కడుపుకు కూడా అంతే మంచిదన్న ప్రచారం ఇటీవలి కాలంలో సెల్‌ఫోన్ల ద్వారా పల్లెలకు చేరింది. ఉదయాన్నే చెంచాలకొద్దీ కొబ్బరినూనె తాగితే బరువు తగ్గుతుందని, గుండె గట్టిపడుతుందని చెప్పే మాటలకు కొదవలేదు. వాటిని నమ్మే ముందు కొంచెం లెక్క అవసరం. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. పల్లినూనెలో అది సుమారు 20 శాతం, నువ్వుల నూనెలో సుమారు 15 శాతం. చలికాలపు ఉదయం కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, పక్కనున్న పల్లినూనె ద్రవంగా నిలిచిపోవడానికి ప్రధాన కారణం ఇదే. ఆహారం ద్వారా లభించే శక్తిలో సంతృప్త కొవ్వుల వాటా 10 శాతం మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు 2000 కిలోకాలరీలు తీసుకునే వ్యక్తికి అది సుమారు 22 గ్రాములు. రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనెతోనే ఆ హద్దు పూర్తవుతుంది. ఇక పాలకు, నెయ్యికి, మాంసానికి చోటెక్కడ?

16 ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించి 2020లో వెలువడిన ఒక సమీక్ష, పల్లి, పొద్దుతిరుగుడు వంటి నూనెలతో పోల్చినపుడు కొబ్బరినూనె చెడు కొలెస్టరాల్‌ను డెసిలీటరు రక్తానికి సుమారు 10 మిల్లీగ్రాములు పెంచుతున్నదని తేల్చింది. మంచి కొలెస్టరాల్ కూడా కొంత పెరిగినమాట నిజం. కాని ఆ పెరుగుదల ఈ నష్టాన్ని పూడ్చుతుందనడానికి ఋజువు లేదు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. పసిఫిక్ మహాసముద్రంలోని టోకెలావు, పుకాపుకా దీవులవారు తరతరాలుగా కొబ్బరి తిన్నా వారిలో గుండెజబ్బులు అరుదుగా ఉండేవని 1981లో వెలువడిన అధ్యయనాన్ని కొందరు ఉదహరిస్తారు. అది విస్మరించదగిన వాదం కాదు. కాని ఆ దీవులవారు తిన్నది పీచుతో కూడిన కొబ్బరి. దానికి తోడు చేపలు, కాయకష్టం. పైగా వారిలో కొబ్బరి ఎక్కువగా తిన్న టోకెలావువాసుల రక్తంలో కొలెస్టరాల్ కూడా ఎక్కువగానే ఉన్నది. ఒక నేల ఆహారం నుండి నూనె సీసాను మాత్రం వేరుచేసి మరో నేలకు తెచ్చి అదే ఫలితం కోరడం, చెట్టును విడిచి నీడను కోరడం వంటిది.

సౌందర్యం విషయంలో కూడా ఈ వివేకమే శరణ్యం. పొడిబారిన చర్మానికి కొబ్బరినూనె మేలు చేస్తుంది. మొటిమలతో బాధపడే యువతీయువకుల ముఖానికి అది చర్మరంధ్రాలను మూసి కీడు చేయవచ్చు. ఏ నూనె కూడా చర్మపు రంగును మార్చదు. మార్చవలసిన అవసరమూ లేదు. ఆముదాన్ని సమర్థించేవారు సైతం హద్దు మీరరాదు. అది జుట్టును పెంచుతుందనడానికి గట్టి ఋజువు లేదు. ఆముదపు గింజలో రైసిన్ అనే విషముంది. విరేచనానికని ఆముదాన్ని వైద్యుని సలహా లేకుండా తాగించడం, ముఖ్యంగా గర్భిణులకు, ప్రమాదకరం.

మరి పళ్ళెంలోకి ఏ నూనె తగినది? 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఒకే నూనెను నమ్ముకోక మార్చి మార్చి వాడుకోవాలని, మొత్తం మీద మితం పాటించాలని చెబుతున్నది. ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలోకాలరీల శక్తినిస్తుంది కనుక మితం అన్నింటికీ వర్తిస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల చెల్కలు యాసంగిలో పల్లి పండిస్తాయి. జడ్చర్ల, వనపర్తి మార్కెట్లకు ఆ పంట బస్తాలుగా తరలివస్తుంది. ఇంటిముందర పండే ఈ నూనెగింజను విడిచి దూరపు సీసాకు మొక్కవలసిన పనిలేదు. అయితే గానుగ నూనె అన్న పేరు వినగానే మోసపోరాదు. బూజుపట్టిన పల్లీలలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. శుద్ధి చేయని నూనెలోకి అది దిగవచ్చు. గింజ మంచిదైతేనే గానుగ మంచిది.

ఆముదపు రైతు మాట కూడా మరువరాదు. 2002లో బిటి పత్తికి అనుమతి లభించిన తరువాత చెల్కలు క్రమంగా పత్తికి మారాయి. దాసరి పురుగు, గెలలకు పట్టే బూజు తెగులు, నిలకడలేని ధర ఆముదాన్ని వెనుకకు నెట్టాయి. నేడు దేశపు ఆముదంలో సింహభాగం గుజరాత్‌ది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం క్రాంతి, హరిత వంటి రకాలను, సంకర విత్తనాలను రూపొందించింది. వంటకు పనికిరాని ఈ నూనె కందెనలకు, రంగులకు, సబ్బులకు, ఔషధాలకు కావలసిన ముడిసరుకు. మంచి విత్తనానికి నమ్మకమైన ధర తోడైతే, బెట్టకు తట్టుకునే ఈ పైరు పత్తిలో నష్టపోయిన రైతుకు మరొక దారి కాగలదు.

కొబ్బరినూనె శత్రువు కాదు, అమృతమూ కాదు. జడకు అది నేస్తం; పళ్ళెంలో కొద్దిపాటి అతిథి. సీసామీది రాతను, తెరమీది మాటను ప్రశ్నించి చూడడం చదువుకున్న యువత బాధ్యత. ఎవరు చెబుతున్నారు, ఏ ఆధారంతో చెబుతున్నారు, ఎవరికి లాభం అనే మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలా మాయలు విడిపోతాయి. అమ్మమ్మల వంటాముదానికీ అవే ప్రశ్నలు వేయాలి. ఆ పరీక్షకు నిలిచినదానిని గౌరవించాలి. నిలవనిదానిని ఎంత ఇష్టమైనదైనా విడవాలి.