ఊరి సొమ్మునకు ఊరి తీర్మానము

స్వరాజ్యము ఢిల్లీనుండి బయలుదేరి రాజధానిలో నాగిపోవునది కాదు. గ్రామపు రచ్చబండవఱకును రావలయును. వచ్చినదో లేదో తెలిసికొనుటకు గుర్తొక్కటియే: ఊరి పేర వచ్చిన రూపాయి ఊరివారి తీర్మానముచే వ్యయమగుచున్నదా, వారెఱుగకయే తరలిపోవుచున్నదా?

2020లో కోవిడు మహమ్మారి దేశమును కుదిపిన పిమ్మట, ఎన్.కె. సింగుగారి అధ్యక్షతనున్న పదునైదవ ఆర్థికసంఘము 2021-26 సంవత్సరములకుగాను స్థానికసంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. అందు గ్రామీణసంస్థలకు 2,36,805 కోట్లు. ఆరోగ్యమునకు ప్రత్యేకముగా 70,051 కోట్లు. గ్రామములకిచ్చు సొమ్ములో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును చెందవలయును. తక్కిన 40 పాళ్లు ఊరి యవసరములకు; జీతములకు మాత్రము వాడరాదు.

మన రాష్ట్రమున జరిగినదేమి? 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగెను. ప్రజలెన్నుకొన్న సర్పంచులు పదవి స్వీకరించి ఖాతాలు చూచుకొనగా, ఆర్థికసంఘపు నిధులు విద్యుత్తు బాకీల క్రింద మళ్లింపబడినవని పలువురు మొఱపెట్టిరి. తీర్మానము లేదు, సంతకము లేదు, సొమ్మును లేదు!

బాకీ తీర్పవలదని మేమనము. వీధిదీపము వెలిగినచో వెల చెల్లింపవలసినదే. కాని ఏ మీటరు, ఏ నెల, ఎన్ని యూనిట్లు? సామాన్యుడైన ఋణదాత సైతము లెక్క చూపనిదే న్యాయస్థానమున డిక్రీ పొందజాలడు. ప్రభుత్వమునకు వేఱొక న్యాయము గలదా? 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగసవరణ గ్రామపంచాయతీని స్వపరిపాలనాసంస్థ యనెను. కప్పముగట్టు ఠాణా యనలేదు.

అమెరికా దేశమున 2021 మార్చిలో చేసిన శాసనము రాష్ట్రములకును నగరములకును 35,000 కోట్ల డాలర్లు కేటాయించెను. అచ్చటను లోపములు లేకపోలేదు. అయినను సొమ్ము దేనికి వెచ్చించితిమో పుచ్చుకొన్నవారు ఖజానాకు లెక్క చెప్పవలసినదని ఆ శాసనము విధించెను.

తిరువూరు ప్రాంతపు వినగడపనే చూడుడు. కట్టలేరు పొంగినపుడు రాకపోకలకు చిక్కుపడు ఊరది. ఏటిపై వంతెన పంచాయతీ శక్తికి మించినది. అది రాష్ట్రమువారి విధి. కాని కుళాయినీరు, మురుగుకాలువ, వీధిదీపము ఊరి చేతిలోనివి. ఏ వీధిలో ముందు కాలువ త్రవ్వవలెనో, దూరమున బల్లముందు కూర్చున్న అధికారికంటె ఆ వీధిలోని ముసలమ్మకే బాగుగ తెలియును. ఆమె మాట వినుటకే గ్రామసభ.

మనవారికిని ఒక మాట చెప్పవలసియున్నది. సభకు పోక, లెక్క అడుగక, ఇంట కూర్చుండి నిందించుట పౌరధర్మము గాదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమునందలి 13,326 పంచాయతీలలో ఒక్కనాడే గ్రామసభలు జరిపిరి. అది ఒకనాటి పండుగగా ముగియరాదు. పంచాయతీల జమాఖర్చులు ఈ-గ్రామస్వరాజ్ నందు ఎల్లరు చూడవచ్చును. పఠనమందిరములకు వచ్చు విద్యావంతులు ఆ లెక్కను దించి, చదువురానివారికి చదివి వినిపింపవలయును.

మేము కోరునవి మూడు. వచ్చిన ప్రతి రూపాయియు ఊరి గోడపై వ్రాయబడవలెను. విద్యుత్తు బాకీ మీటరు లెక్కతో సభముందు పెట్టబడవలెను. తీర్మానము లేనిదే ఖాతానుండి కాసైనను కదలరాదు. 2026 ఏప్రిల్ మొదలు పదునాఱవ ఆర్థికసంఘపు కాలము. సంఘములు మాఱును, ప్రభుత్వములు మాఱును. ఊరు మాత్రము లెక్క అడుగుట మానరాదు.