సంతకము కంటె ముద్ర మేలు

2025 జూలై 15న శుభాంశు శుక్లా కాలిఫోర్నియా తీరమునకు చేరువ పసిఫిక్ సముద్రమున దిగెను. భారత పౌరుడొకడు అంతరిక్షమునుండి నీటిపై దిగుట అదియే మొదలు. 1984లో రాకేశ్ శర్మ నేలపై దిగియుండెను. ఇట్టి ఘట్టములు చూచి మన తిరుప్పూరు తెలుగు ఇండ్ల యువకులు కొందరు ఒక క్రొత్త సేకరణమునకు పూనుకొన్నారు. వ్యోమనౌకలను సముద్రమునుండి పైకి తీసిన ఓడల తపాలా ముద్ర గల కవర్లను, అందును వ్యోమగాముల సంతకములున్న వానిని కొనుచున్నారు. అభిరుచి మెచ్చదగినదే. కాని సంతకము కొరకే వేలకు వేలు వెచ్చించుట తగదని నా అభిప్రాయము.

ఈ కవర్ల విలువ ఎందున్నదో మొదట తెలిసికొనవలెను. అమెరికా నౌకాదళపు పెద్ద ఓడలలో తపాలా కార్యాలయములుండెడివి. సేకరణకర్తలు తమ చిరునామా వ్రాసి, స్టాంపు అంటించిన కవర్లను ముందుగా ఓడకు పంపుకొనెడివారు. 1969 జూలై 24న అపోలో 11 చంద్రునినుండి మరలి పసిఫిక్ సముద్రమున దిగగా, హార్నెట్ అను విమానవాహక నౌక దానిని చేకొన్నది. ఆనాటి ఆ ఓడ ముద్ర పడిన కవరు ఆ ఘట్టమునకు సాక్షి.

సంతకమునకు ఆ సాక్ష్యబలము లేదు. చంద్రునినుండి రోగబీజములు వచ్చునేమో యను భయముచే, ఆ మువ్వురు వ్యోమగాములను హార్నెట్‌పై మూసిన గదిలో నుంచిరి. కావున అట్టి కవరుపై సంతకమున్నను, అది సాధారణముగ మరియొక దినమున, మరియొక చోట చేసినదే యగును. అదిగాక ఆ కాలమున, కోరినవారికి సంతకములు పంపుటకు ఆటోపెన్ అను యంత్రమును గూడ వాడిరి. రెండు సంతకములు ఒకదానిపై నొకటి అచ్చముగ సరిపోయినచో, అది యంత్రపు పనియని శంకింపవలెను.

సంతకము నిజమైనను చిక్కు తీరదు. 1971లో అపోలో 15 వ్యోమగాములు సుమారు 400 కవర్లను అనుమతి లేకయే వెంట గొనిపోయిరి. ఆగస్టు 7న ఒకినావా అను ఓడపై వానికి ముద్ర వేయించి, ఇంటికి మరలు విమానములో సంతకములు చేసిరి. అందు 100 కవర్లు ఒక జర్మను వర్తకుని చేరెను. మరుసటి యేడు ఆ వ్యోమగాములు మందలింపబడిరి. మరల వారు అంతరిక్షమున కేగలేదు. ముద్ర నిజమే, సంతకము నిజమే. లాభాపేక్ష రెంటిని మలినపరచినది.

“మహనీయుని చేతివ్రాత మన యింట నుండుట భాగ్యము కాదా?” యని కొందరడుగుదురు. భాగ్యమే. స్వయముగ అడిగి పొందినదైనచో మరింత భాగ్యము. కొన్నదానికి మాత్రము, అది ఎప్పుడు చేసినదో, ఎవరెవరి చేతులు మారి వచ్చినదో తెలుపు ఆధారము తోడుండవలెను. అది లేనిచో ఎక్కువ ధర ఇయ్యరాదు.

మన శ్రీహరికోటను చూడుడు. అక్కడినుండి 2007 జనవరి 10న ఎగసిన 550 కిలోల చిన్న నౌక 22వ తేదీన బంగాళాఖాతమున దిగెను. 2014 డిసెంబరు 18న వ్యోమగాములకై ఉద్దేశింపబడిన గది నమూనా అండమాను దీవుల వైపున దిగెను. 2023 అక్టోబరు 21న మరియొకదానిని నౌకాదళము పైకి తీసెను. వీనిలో మనుష్యులు లేరు. కావున సంతకము చేయువారును లేరు. ఆయా దినముల ముద్రతో ఒక కవరు వేసికొనుటకు కొలది రూపాయలు చాలియుండెను. మనలో నెందరము వేసికొంటిమి?

గగనయానమునకై నలుగురు వ్యోమగాముల పేర్లను 2024లో ప్రకటించిరి. మనవారు మన సముద్రమున దిగు దినమున యువకులు తపాలా కార్యాలయమునకు పోయి, తేదీ ముద్రను స్పష్టముగ వేయుమని కోరి, తమ పేరనే ఒక కవరు వేసికొనవలెను. చేరుటకై చిరునామా తమిళమునను ఆంగ్లమునను ఉండుగాక. లోపలి కాగితమున ఆనాటి సంగతిని తెలుగున వ్రాయుడు. ఇంట తెలుగు మాటలాడుచు అక్షరము లెరుగని మన పిల్లలకు అదియొక పాఠమగును.

మన పెద్దలకు మధురనుండియు కోయంబత్తూరునుండియు వచ్చిన తెలుగు ఉత్తరముల గతి యేమైనదో తలచుకొనుడు. స్టాంపుకొరకు మూల కత్తిరించి కవరును పారవేసిన ఇండ్లు మనలో నెన్నో. ముద్ర పోయెను, వ్రాత పోయెను, వ్రాసినవారి పేరును పోయెను. దూరదేశపు ఓడ ముద్రను పదిలపరచు చేతులు, ఇంటి పెట్టెలో మిగిలిన ఉత్తరములను గూడ పదిలపరచుగాక.