ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లాండ్ రద్దు.. ఇక జవాబు మంత్రిదే, మరి మంత్రికి ఎదురు చెప్పేదెవరు?

ఆస్పత్రిలో ఆపరేషన్ డేట్ దొరక్కపోతే జనం ఎవర్ని నిలదీస్తారు? ఆరోగ్య మంత్రినే. కానీ ఇంగ్లాండ్‌లో 2013 నుంచి ఆస్పత్రుల రోజువారీ పగ్గాలు మంత్రి చేతిలో లేవు.. కనీసం కాగితం మీద. ఆ పగ్గాలు పట్టుకున్న సంస్థే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లాండ్. దాన్ని రద్దు చేసి ఆరోగ్య శాఖలో కలిపేస్తామని 2025 మార్చి 13న ప్రధాని కీర్ స్టార్మర్ ప్రకటించారు.

అసలు ఈ సంస్థ ఎందుకు పుట్టిందంటే.. రాజకీయ జోక్యం తగ్గించడానికి. అప్పటి మంత్రి ఆండ్రూ లాన్‌స్లీ తెచ్చిన 2012 చట్టం ప్రకారం మంత్రి 'మ్యాండేట్' పేరుతో లక్ష్యాలు రాసిస్తారు. ఏటా 10 వేల కోట్ల పౌండ్లకు పైగా నిధులతో వాటిని సాధించే బాధ్యత సంస్థది. వినడానికి బాగుంది. కానీ తర్వాత వచ్చిన మంత్రి జెరెమీ హంట్ ప్రతి సోమవారం సంస్థ పెద్దల్ని కూర్చోబెట్టి రివ్యూలు చేశారు. ఓట్లు అడగాల్సింది ఆయనే కదా! 2022లో చట్టం మార్చి, సంస్థకు ఆదేశాలిచ్చే అధికారాన్ని మంత్రికి పెంచారు కూడా.

ఈలోగా 2025 ఆరంభానికి వెయిటింగ్ లిస్ట్ దాదాపు 74 లక్షల కేసులకు చేరింది. 92 శాతం మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్న టార్గెట్ అప్పటికి దాదాపు తొమ్మిదేళ్లుగా అందలేదు. తప్పెవరిదంటే శాఖ సంస్థను, సంస్థ నిధుల కొరతను చూపించాయి. ఒకే పని రెండు చోట్లా చేస్తున్నారన్నది ప్రభుత్వ వాదన. రెండింటిలో కలిపి సిబ్బందిని సగానికి తగ్గిస్తామంటున్నారు. అక్కడున్న మనవాళ్ల సంగతేంటి? ఈ కోత ఆఫీసు ఉద్యోగాలకే తప్ప, వార్డుల్లోని తెలుగు డాక్టర్లు, నర్సులకు కాదు.

అయితే ఒక చిక్కుంది. 2017 నవంబర్‌లో సంస్థ చీఫ్ సైమన్ స్టీవెన్స్ ప్రభుత్వంపైనే బహిరంగంగా గళమెత్తారు. బ్రెగ్జిట్ ప్రచారంలో వారానికి 35 కోట్ల పౌండ్లన్నారే, ఆ డబ్బేదీ అని గుర్తుచేశారు. ఆయన ఒక్కరి వల్లే అనలేం కానీ, 2018 జూన్‌లో థెరెసా మే ఐదేళ్ల నిధుల పెంపు ప్రకటించారు. శాఖలో ఉండే అధికారి అలా మైకు ముందు మాట్లాడగలరా? కష్టమే.

చట్టంతో పుట్టిన సంస్థ కాబట్టి రద్దుకీ పార్లమెంట్ ఆమోదం కావాలి. లెక్కలు ఎవరు బయటపెడతారు, నిధులు చాలవని మంత్రి ముఖం మీదే ఎవరు చెబుతారు? బిల్లులో ఎంపీలు వెతకాల్సింది ఈ రెండింటినే.