మనల్ని లెక్కపెట్టిన లెక్క మనకెందుకు రాకూడదు?



సాంచా ఖాతాలో పనిచేసిన ప్రతివారికీ ఆ మనిషి తెలుసు. చేతిలో అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన కాగితం, చెవి సందున పెన్సిలు. వరుస వెంట నడుచుకుంటూ పోతాడు. ఒక్కో మగ్గాన్ని క్షణంపాటు చూస్తాడు. ఆడుతుంటే ఒక గీత, ఆగివుంటే ఇంకో గీత. మనతో మాట్లాడడు. కొన్నాళ్ళకు నోటీసు బోర్డు మీద కాగితం పడుతుంది: ఈ ఖాతాలో మగ్గాలు నూటికి ఇన్నిపాళ్ళు ఆగుతున్నాయి, కనుక ఇకనుంచి ఒక్కొక్కరికి ఇన్ని మగ్గాలు అని.

ఈ పద్ధతికి పుట్టినిల్లు బట్టల పరిశ్రమే. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ అనే నూలు పరిశోధనాలయంలో పనిచేసిన టిప్పెట్ అనే గణాంకవేత్త 1930లలో దీన్ని రూపొందించాడు. గడియారం పట్టుకుని రోజంతా ఒకే మగ్గం ముందు కూర్చోనక్కరలేదు, వేళాపాళా లేకుండా పోయి చూసిన చూపులు చాలినన్ని ఉంటే ఖాతా మొత్తం సంగతి తెలుస్తుందన్నాడు. మన దేశంలో అహమ్మదాబాదులో అటిరా 1947లో, బొంబాయిలో బిట్రా 1954లో, కోయంబత్తూరులో సిట్రా 1956లో వెలిశాయి. నూలు కౌంటు మొదలు దారం తెగుళ్ళ దాకా నమూనా తీసి లెక్కగట్టే విద్య మిల్లుల్లో పాకింది.

ఆ విద్య మీద నాకు కోపం లేదు. అది ఎప్పుడూ ఒకే పక్షాన ఉండిపోయిందన్నదే నా ఫిర్యాదు. దారం ఎన్నిసార్లు తెగుతుందో లెక్కగట్టిన తెలివి మన ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. పందెం కాసేటప్పుడు, అప్పు చేసేటప్పుడు, మిల్లు మూసి చేతికిచ్చిన డబ్బు పెట్టేటప్పుడు మనం పక్కింటివాడి మాట మీద నడుస్తున్నాం.

ముందు ఖాతాలో సంగతే చూద్దాం. ఆ మనిషి నూరు చూపులు చూసి, అందులో 18 సార్లు మగ్గం ఆగివుందని రాశాడనుకోండి. ఆ 18 శాతాన్ని ఎంతవరకు నమ్మాలి? నూరు చూపులకు దాని హద్దులు దాదాపు 10 నుంచి 26 దాకా ఉంటాయి. ఇరవైసార్లు ఇలా లెక్క తీస్తే పందొమ్మిదిసార్లు అసలు సంగతి ఇటువంటి హద్దుల్లో పడుతుంది, అంతకంటే బిగించి చెప్పడానికి వీల్లేదు. వెయ్యి చూపులైతే హద్దులు పదిహేనున్నర నుంచి ఇరవైయున్నరకు దగ్గరపడతాయి. పదింతలు ఎక్కువ చూస్తేనే గురి మూడింతలు మెరుగవుతుంది. కాబట్టి పని పెంపు కాగితం వచ్చినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఎంత శాతం అని కాదు, ఎన్ని చూపులు అని. రెండోది, ఏ వేళల్లో? టీ వేళ అయిన వెంటనే రోజూ ఒకే సమయానికి వచ్చి చూస్తే అది నమూనా కాదు. ఇంకో మెలిక ఉంది. ఒక్క చుట్టులో వంద మగ్గాలు చూస్తే వంద చూపులైనట్టు కాదు. ఆ పూట నూలు చెడ్డదైతే, గాలిలో తేమ తగ్గితే, వందకూ అదే తెగులు. అది దాదాపు ఒక్క చూపుతో సమానం. టిప్పెట్ పద్ధతిలో బలం ఉన్నది వేళలు మారడంలో, వరుస లేకపోవడంలో. ఏ వరుసా లేని 41,600 అంకెల పట్టికను ఆయన 1927లోనే అచ్చువేయించింది ఇటువంటి పనుల కోసమే.

ఇక గేటు బయటకు వద్దాం. బొంబాయి మిల్లు పేటల్లో మన పగారు ఎక్కువగా కారిపోయిన చిల్లుల్లో మట్కా ఒకటి. దాని పుట్టుక కూడా పత్తిలోనే ఉంది. న్యూయార్కు పత్తి ఎక్స్‌ఛేంజిలో ధర ఎంతకు మొదలైంది, ఎంతకు ముగిసింది అన్న సంగతి తంతి మీద బొంబాయికి వచ్చేది. ఆ అంకెల మీద పందేలు కాసేవారు. 1961లో న్యూయార్కు నుంచి ధరలు రావడం ఆగిపోయింది. 1962లో కళ్యాణ్‌జీ భగత్ వర్లీలో, 1964లో రతన్ ఖత్రీ వేరుగా, పత్తితో పనిలేకుండా అంకెల ఆట నడపసాగారు. మొదట కుండలో చీటీలు, తరువాత పేకముక్కలు. కుండ పేరే ఆటకు నిలిచింది. అదే పత్తి ధర చూసి యజమాని ఎప్పుడు ఎంత కొనాలో లెక్కవేసుకునేవాడు. మనవాడు అందులోంచి ఒక అంకె ఏరుకుని పందెం కాసేవాడు.

మామూలు చెల్లింపు ఇది: ఒక్క అంకె మీద రూపాయి కాస్తే గెలిచినప్పుడు తొమ్మిది, జోడీ మీద కాస్తే తొంభై. అంకెలు పది, జోడీలు నూరు. పదిసార్లు రూపాయి చొప్పున కాస్తే సగటున ఒక్కసారి తగులుతుంది. పెట్టింది పది, వచ్చింది తొమ్మిది. జోడీలోనూ అదే లెక్క: నూరు పెట్టి తొంభై తెచ్చుకోవడం. చీటీ న్యాయంగా తీసినా సరే, రూపాయికి పది పైసలు ఆట నడిపేవాడివి. అతనికి అదృష్టంతో పని లేదు, జనం వస్తుంటే చాలు.

నష్టం పదోవంతే కదా అనేవారున్నారు. గెలిచింది జేబులో వేసుకుని ఇంటికి పోతే ఆ మాట నిజం. కాని గెలిచింది మళ్ళీ కాస్తాం. అప్పుడు నూరు సగటున తొంభై అవుతుంది, తొంభై ఎనభై ఒకటవుతుంది, అలా ఏడు తిరుగుళ్ళకు నలభై ఎనిమిది కూడా మిగలదు. వారానికి ఒక్కసారి తిప్పేవాడికి రెండు నెలల లోపే సగానికి సగం పోయినట్టు.

మరి గెలిచినవాళ్ళ కబుర్లే ఎక్కువ వింటామెందుకు? గెలిచినవాడు చాల్ మొత్తానికి పేడాలు పంచుతాడు. ఓడినవాడు ఇంట్లో ఇల్లాలికి కూడా చెప్పడు. మన చెవిన పడేది టీ వేళ తీసిన నమూనా వంటిదే.

చార్టుల సంగతి ఇంకా విచిత్రం. పాత అంకెలన్నీ గళ్ళలో వేసి, ఏడు వచ్చి ఇరవై ఆటలైంది, ఇక రాక తప్పదు అని నమ్మకంగా చెబుతారు. కొంచెం కాగితం తీసి చూడండి. ఒక ఆటలో ఏడు రాకపోవడానికి అవకాశం పదింట తొమ్మిది. వరుసగా ఇరవై ఆటలు రాకపోవడానికి తొమ్మిది బై పదిని ఇరవైసార్లు గుణించాలి. నూటికి పన్నెండు వస్తుంది. అంకెలు పది ఉన్నాయి గనుక, ఏ రోజు చార్టు తీసినా సగటున ఒక అంకె ఇరవై ఆటలుగా రానిది కనబడుతూనే ఉంటుంది. అంటే చార్టు అమ్మేవాడికి చూపించడానికి సరుకు ఎప్పుడూ కరువు కాదు. నిన్న ఏ చీటీ వచ్చిందో కుండకేం తెలుసు? ఇవాళ కూడా ఏడు రావడానికి అవకాశం పదింట ఒకటే.

లాటరీలను తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఫోనులో ఆడే ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. అయినా చట్టం వచ్చినంత మాత్రాన చాటుమాటు ఆట ఆగదని మట్కా చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కుర్రవాళ్ళు ఏదైనా కొత్త ఆట పేరు చెబితే వాళ్ళను తిట్టేముందు నూరు పెడితే సగటున ఎంత తిరిగొస్తుందో అడగండి. చెప్పలేకపోతే, ఆ అంకె తెలిసినవాడు ఆట అవతలివైపున కూర్చున్నాడన్నమాట.

అప్పు సంగతి జూదంకన్నా నెమ్మదిగా కొరుకుతుంది. రూపాయి వడ్డీకి అరవైవేలు, పన్నెండు కిస్తీలు అన్నాడనుకోండి. వడ్డీ నెలకు ఆరువందల చొప్పున ఏడాదికి 7,200. కిస్తీ 5,600. వినడానికి ఏడాదికి పన్నెండు శాతమే. కాని ప్రతినెలా అసలులో అయిదువేలు తీర్చేస్తున్నాం కదా! ఆఖరి నెలలో మన దగ్గర ఉన్నది అయిదువేలే, వడ్డీ మాత్రం అరవైవేలకు కట్టాం. ఏడాది పొడుగునా మన చేతిలో ఉన్న అప్పు సగటున 32,500. దానికి 7,200 వడ్డీ అంటే ఏడాదికి దాదాపు 22 శాతం. మన లెక్కలో చెప్పాలంటే నెలకు రూపాయి ఎనభై పైసల వడ్డీ. రూపాయి వడ్డీ అని ఇచ్చినవాడు అబద్ధమాడలేదు, సగం నిజం చెప్పాడు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ, ఫైనాన్సు కంపెనీలూ ఇటువంటి వాయిదా అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలనీ, అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక శాతం అందులో చూపాలనీ, అది అప్పు తీసుకునేవాడికి తెలిసిన భాషలో ఉండాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ కాగితం అడిగి తీసుకోండి. దాంట్లో ఉన్న శాతం, నోటితో చెప్పిన శాతం పక్కపక్కన పెట్టి చూడండి.

లెక్కలు మనకెక్కడొస్తాయి అనే మాట నేను ఒప్పుకోను. కర్ణాటకలోని హడగలిలో తెలుగింట పుట్టిన సి.ఆర్.రావు (1920–2023) గణాంకశాస్త్రంలో లోకమంతా ఎరిగిన మనిషి అయ్యాడు. మనకు అంత అక్కరలేదు. పడుగుకు ఎన్ని పోగులో, అంగుళానికి ఎన్ని పిక్కులో నోటితో చెప్పగల మనిషికి గుణకారం, భాగహారం ఒక లెక్కా?

అన్నిటికన్నా పెద్ద తీర్మానం, మిల్లు మూసినప్పుడో స్వచ్ఛంద విరమణ పేరిట ఇంటికి పంపినప్పుడో చేతికొచ్చే మొత్తం. షోలాపూర్‌లో, భివండీలో ఆ డబ్బుతో పాత మగ్గాలు కొనడం మనవాళ్ళకు అలవాటు. ఉదాహరణకు వేసుకుందాం. రెండున్నర లక్షలు పెట్టి నాలుగు పాత మగ్గాలు కొన్నాం. నెలకు జాబు పని మీద 42,000 వచ్చింది. కరెంటు 11,000, షెడ్డు అద్దె 6,000, విడిభాగాలూ నూనె 4,000. మిగిలింది 21,000. ఇంకేం, మనం సేఠ్ అయిపోయాం!

ఏడాదిలో రెండు నెలలు గిరాకీ లేక మగ్గాలు ఆగుతాయి. షెడ్డు అద్దె ఆగదు. ఆ రెండు నెలలు కలిపి సగటు తీస్తే నెలకు 16,500. ఇదే మనిషి వేరేవాళ్ళ షెడ్డులో సాంచాలు నడిపితే 14,000 వచ్చేది. ఇంటావిడ కండెలు చుట్టి 5,000 తెచ్చేది. ఇప్పుడు ఇద్దరూ సొంత మగ్గాలకే చాకిరీ చేస్తున్నారు. ఆ 19,000 కూలీని లెక్కలో వెయ్యలేదు. రెండున్నర లక్షలు ఏడు శాతం వడ్డీకి పెడితే నెలకు 1,450 పైచిలుకు వచ్చేది, అదీ వెయ్యలేదు. రెండూ వేస్తే నెలకు నాలుగువేల దాకా నష్టం. చేతిలో డబ్బు ఆడుతున్నందువల్ల ఇది కనబడదు. ఆడుతున్నది మన కూలీయే, అదీ కోతపడిన కూలీ. మిల్లు యజమాని తన పెట్టుబడికి వడ్డీ, తన మేనేజరుకు జీతం లెక్కలో వెయ్యకుండా లాభం అని ఎప్పుడైనా చెప్పాడా?

మగ్గాలు కొనవద్దని నా మాట కాదు. నాలుగు బదులు ఆరు మగ్గాలు ఒకే అద్దెలో పడితే, కరెంటు రేటు కలిసొస్తే లెక్క తిరగబడవచ్చు. కొనేముందు అదే రేవులో మగ్గాలు పెట్టినవాళ్ళందరినీ అడగాలి. నిలబడినవాళ్ళను మాత్రమే అడిగితే సరిపోదు, పాత ఇనుముకు అమ్ముకున్నవాళ్ళను కూడా వెతికి అడగాలి. వాళ్ళు దొరకడం కష్టం, ఊరు వదిలిపోయి ఉంటారు. అయినా వాళ్ళ దగ్గరే అసలు సంగతి ఉంది.

సగటు నష్టం ఉన్న ప్రతిదీ చెడ్డదేనా అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. ఇన్సూరెన్సు కూడా సగటున కంపెనీకే లాభం, లేకపోతే అది నడవదు. తేడా ఎక్కడంటే, పందెంలో చిన్నమొత్తం పోగొట్టుకుంటూ పెద్దమొత్తం కోసం ఆశపడతాం. ఇన్సూరెన్సులో చిన్నమొత్తం ఇచ్చి, ఇల్లు కూలిపోయే దెబ్బను తప్పించుకుంటాం. సంపాదించే ఒక్క మనిషి పోతే ఆ ఇంటికి సగటుతో పనిలేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ఏడాదికి 20 రూపాయలకు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు వస్తుంది. పదివేలమందిలో ఏడాదికి ఒక్కరు ప్రమాదంలో పోయినా కట్టిన డబ్బు సరిపోయినట్టే. రాత్రి షిఫ్టు దిగి పట్టాలు దాటి, లారీల మధ్య సైకిలు తొక్కుకుంటూ ఇంటికి చేరే మనకు ఇందులో ఆలోచించవలసిందేముంది? బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది. మే నెలాఖరుకు బ్యాంకు పుస్తకంలో ఆ ఇరవై రూపాయలు లేకపోతే కోత పడక బీమా ఆగిపోతుంది, చూసుకోండి.