అడవి బాటపై విద్యుత్ సైకిల్: వాహనమా, సైకిలా?

పెడల్ తొక్కేవారికి చిన్న మోటారు సాయపడే సైకిల్‌ను అడవి బాటల్లోకి అనుమతించాలా, వద్దా? అమెరికాలో కొన్నేళ్లుగా ప్రభుత్వ శాఖల నుంచి న్యాయస్థానం దాకా నలుగుతున్న ప్రశ్న ఇది. పైకి వినోదానికి పరిమితమైన చిన్న అంశంగా కనిపించినా, ప్రజల ఉమ్మడి ఆస్తి అయిన అడవిలో ఎవరికి, ఏ మేరకు చోటు ఉండాలన్న పెద్ద చర్చ దీని వెనుక ఉంది. విద్యుత్ వాహనాల వాడకం వేగంగా పెరుగుతున్న మన దేశానికి కూడా ఈ అనుభవం ఉపకరిస్తుంది.

మన దగ్గర ఈ-బైక్ అనగానే విద్యుత్ స్కూటర్ గుర్తుకు వస్తుంది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది పెడళ్లున్న సైకిల్ గురించి. అమెరికాలో వీటిని మూడు తరగతులుగా విభజించారు. ఒకటో తరగతి సైకిల్‌లో పెడల్ తొక్కితేనే మోటారు పనిచేస్తుంది; వేగం గంటకు 32 కిలోమీటర్లకు చేరగానే దాని సాయం ఆగిపోతుంది. రెండో తరగతికీ అదే పరిమితి వర్తించినా, పెడల్ తొక్కకుండానే స్కూటర్ మాదిరిగా నడపవచ్చు. మూడో తరగతిలో పెడల్ తొక్కడం తప్పనిసరి. అయితే మోటారు సాయం 45 కిలోమీటర్ల వేగం వరకు అందుతుంది. మోటారు సామర్థ్యానికి 750 వాట్లు గరిష్ఠ పరిమితి.

చిక్కు ఎక్కడంటే, ఒకే సైకిల్‌ను రెండు ప్రభుత్వ శాఖలు రెండు రకాలుగా చూశాయి. వ్యవసాయ శాఖ పరిధిలోని ఫారెస్ట్ సర్వీస్ సుమారు 19 కోట్ల ఎకరాల జాతీయ అడవులను నిర్వహిస్తుంది. మోటారు వాహనాలు నిర్దేశిత మార్గాల్లోనే తిరగాలన్నది 2005 నాటి నిబంధన. మోటారు ఉంది కనుక విద్యుత్ సైకిల్ కూడా మోటారు వాహనమేనని ఆ సంస్థ భావించింది. 2022 మార్చిలో మార్గదర్శకాలను సవరించినప్పుడూ ఆ మూలసూత్రాన్ని వదులుకోలేదు. అయితే మూడు తరగతులను గుర్తించి, తగిన పరిశీలన, ప్రజాభిప్రాయ సేకరణ తరువాత ఫలానా బాటను ఫలానా తరగతికి తెరిచే వీలును స్థానిక అధికారులకు కల్పించింది.

జాతీయ పార్కులను, ఇతర ప్రభుత్వ భూములను చూసే ఇంటీరియర్ శాఖ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. సాధారణ సైకిళ్లను అనుమతించే చోట విద్యుత్ సైకిళ్లనూ అనుమతించాలన్న ధోరణిలో నాటి మంత్రి డేవిడ్ బెర్న్‌హార్ట్ 2019 ఆగస్టులో ఉత్తర్వు జారీ చేశారు. 2020లో వెలువడిన తుది నిబంధనలు నిర్ణయాధికారాన్ని స్థానిక అధికారులకు అప్పగించాయి. జాతీయ పార్కుల నిబంధనను పర్యావరణవాదులు సవాలు చేయగా, పర్యావరణ ప్రభావాన్ని సక్రమంగా పరిశీలించలేదని 2022 మేలో ఫెడరల్ న్యాయస్థానం తప్పుపట్టింది. నిబంధనను రద్దు చేయకుండా, పరిశీలన జరపవలసిందిగా ఆదేశించింది. 1964 నాటి వనారణ్య చట్టం కింద రక్షణ పొందిన ప్రాంతాల్లో మాత్రం సాధారణ సైకిల్‌కు సైతం ప్రవేశం లేదు కనుక అక్కడ ఈ వివాదమే లేదు.

ఇరుపక్షాల వాదనల్లోనూ బలముంది. వృద్ధులు, మోకాళ్ల నొప్పులున్నవారు, దివ్యాంగులు కొండబాట ఎక్కడానికి ఈ మోటారే ఆధారం. ఆరెగాన్ అడవిలో పర్వత సైకిల్ సంఘం 2015లో జరిపించిన పరిమిత అధ్యయనంలో, నేల కోత విషయంలో ఒకటో తరగతి సైకిల్‌కూ సాధారణ సైకిల్‌కూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మోటార్‌సైకిల్ వల్ల జరిగే నష్టం వాటికంటే చాలా ఎక్కువ. అయితే నేల కోత ఒక్కటే కొలమానం కాదు. ఎగువకు కూడా వేగంగా వచ్చే సైకిల్ ఇరుకు మలుపులో పాదచారికి ప్రమాదకరం. గుర్రాలు బెదురుతాయి. అలికిడి లేకుండా అడవి లోపలి భాగాలకు ఎక్కువమంది చేరుకుంటే వన్యప్రాణులకు మిగిలే ప్రశాంతత తగ్గుతుంది.

వీటన్నిటికంటే క్లిష్టమైనది అమలు. కదులుతున్న సైకిల్ ఏ తరగతిదో అటవీ ఉద్యోగి చూసి చెప్పలేడు. వేగ పరిమితిని సాఫ్ట్‌వేర్ మార్పుతో తొలగించే అవకాశం కూడా ఉంది. అందువల్ల యంత్రం పేరును బట్టి నిషేధించడం లేదా అనుమతించడం కంటే, ఏ బాట, ఏ వేగం, ఏ వేళ, ఏ రుతువు, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అన్న కంటికి కనిపించే నిబంధనలే నిలుస్తాయి.

ఇక మన దేశం సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఇతర షరతులకు లోబడిన బ్యాటరీ వాహనం మోటారు వాహనం కిందికి రాదు. అంటే అమెరికా జాతీయ అడవిలో మోటారు వాహనమైనది మన రహదారిపై కాదు. అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాల్లో దీనివల్ల లోటు ఏర్పడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఇచ్చిన నిర్వచనంలో ఎద్దు, గుర్రం సైతం వాహనాలే; ప్రవేశానికి అనుమతి తప్పనిసరి. సమస్య నగరాల చేరువలో, సందర్శకులను ఆహ్వానించే అటవీ బాటల వద్ద తలెత్తవచ్చు. ‘మోటారు వాహనాలకు ప్రవేశం లేదు’ అన్న బోర్డు అక్కడ విద్యుత్ సైకిల్‌ను ఆపుతుందా అన్నది వాదనకు తావిచ్చే విషయం. సైకిళ్ల రద్దీ పెరగకముందే ఆ మాటను స్పష్టంగా రాసుకోవడం మేలు.

మరొక తేడాను కూడా విస్మరించరాదు. అమెరికా చర్చ ప్రధానంగా విహారయాత్రికుల మధ్య జరుగుతోంది. నల్లమలలోని చెంచులకు అడవి బాట అంటే తేనెకు, సంతకు, ఆసుపత్రికి వెళ్లే దారి. వారి హక్కులను అటవీ హక్కుల చట్టం, 2006 గుర్తించింది. పర్యాటకుడి సైకిల్‌ను నియంత్రించే నిబంధన గూడెం ప్రజల రాకపోకలకు ఆటంకం కారాదు. అడవి బాటలపై కొత్త నియమాలు రూపొందించే ముందు గ్రామసభల అభిప్రాయం తీసుకోవడం, బాటల వారీగా ప్రభావాన్ని పరిశీలించడం అవసరం. ముందుగా అనుమతించి తరువాత పరిశీలించే పద్ధతి అమెరికాలో న్యాయస్థానం ఎదుట నిలవలేదన్న సంగతిని మన రాష్ట్రాల అటవీ శాఖలు గమనంలో ఉంచుకోవాలి.